కోస్తేనే రంగులు కనబడే పండగ బ్రెడ్: ఇంట్లో ఎలా చేయాలి

మా అక్క కూతురి రెండో పుట్టినరోజుకి కేకు బదులు గులాబీరంగు బ్రెడ్ చేస్తానని గొప్పలు పోయాను. పచ్చి బీట్‌రూట్ మిక్సీలో వేసి, రసం పిండి, ఆ రసంతోనే మైదా కలిపాను. ముద్ద ఎంత ముద్దొచ్చిందంటే, ఫొటో తీసి చుట్టాలందరికీ పంపేశాను. ఓవెన్‌లోంచి బయటికొచ్చింది మాత్రం ఇటుక. రంగూ ఇటుకే, బరువూ దాదాపు ఇటుకే. మా అమ్మమ్మ ఒక ముక్క తుంచి అటూ ఇటూ తిప్పి చూసి, "రాగిపిండితో చేశావుటే?" అంది.

ఆ తరవాత చాలాసార్లు చేశాను. నాకు కుదిరిన కిటుకు ఒక్కటే: రంగుని పైన పెట్టకండి, లోపల దాచండి. ఓవెన్‌లో బ్రెడ్ పైపొర ఎండి, కాలి, గోధుమరంగు తిరుగుతుంది. అక్కడ ఏ కూరగాయ రంగూ నిలవదు. లోపలి మెత్తటి భాగం సంగతి వేరు. అందులో తేమ ఉన్నంతసేపూ వేడి వంద డిగ్రీలు దాటదు, రంగు చాలావరకు బతికిపోతుంది. అందుకని మూడు రంగుల ముద్దల్ని కలిపి చుట్టి, పైన తెల్ల ముద్దతో దుప్పటి కప్పేస్తాం. బయటికి మామూలు బ్రెడ్డే. కత్తి దిగాక గానీ అసలు సంగతి తెలీదు. పిల్లలు మొదటి ముక్క చూసి అరిచే అరుపు కోసమైనా ఇలా చేయాలి.

సాయంత్రం ఆరింటికి కోయాలంటే పొద్దున పదింటికల్లా మొదలుపెట్టండి. పని అంతసేపు ఉండదు. చేతులు కదిపేది గంటన్నర, మిగతాదంతా ముద్ద పొంగడానికి, బ్రెడ్ చల్లారడానికి. టెన్షన్ లేకుండా ఉండాలంటే కూరగాయల గుజ్జులు ముందురోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టేసుకోవచ్చు.

ఏ రంగు ఎలాంటిది

ఈ భాగం దాటేసి కొలతలకి వెళ్ళిపోకండి. ఒక రంగుకి మేలు చేసేది ఇంకో రంగుని చంపేస్తుంది. అది తెలిస్తే సగం పని అయినట్టే.

బీట్‌రూట్‌కి పులుపు కావాలి. దాని ఎరుపు వేడికి చెదిరిపోయే రకం. కాస్త పులుపు తగిలితే నిలదొక్కుకుంటుంది. నా మొదటి బ్రెడ్‌లో నిమ్మరసం లేదు, పైన కప్పూ లేదు, అందుకే ఇటుకయింది. బచ్చలి పళ్ళు నలిపి గోళ్ళకి రాసుకునేవాళ్ళం కదా చిన్నప్పుడు, ఆ రంగుదీ ఇదే కుటుంబం. పళ్ళు దొరికితే సరదాకి ఒకసారి ప్రయత్నించండి గానీ పండగపూట నమ్ముకోకండి.

పాలకూర సరిగ్గా దీనికి ఎదురు. పులుపు తగిలితే ముఖం మాడ్చుకుంటుంది. పాలకూర పప్పులో చింతపండు పులుసు పోయగానే ఆకుపచ్చ కాస్తా బురద పచ్చగా మారడం రోజూ చూసేదే. కాబట్టి ఆకుపచ్చ ముద్దలో నిమ్మరసం చుక్క కూడా పడకూడదు. ముద్ద పొంగేకొద్దీ తనంతట తానే కొద్దిగా పులుస్తుంది కనక, ఎక్కువసేపు వదిలేసినా ఈ రంగే ముందు వాడిపోతుంది.

క్యారెట్టు మంచి పిల్ల. వేడికి భయపడదు, పులుపుకి భయపడదు. దాని రంగు నూనెలో, నెయ్యిలో కరిగే రకం. క్యారెట్ హల్వా చేసినప్పుడు నెయ్యి నారింజరంగులో పైకి తేలేది అందుకే. బటర్ కలిపాక బ్రెడ్ ముద్దలో కూడా రంగు ఇంకాస్త తేటపడుతుంది. ఒక్కటే లోపం, క్యారెట్టు ఒంటరిగా చాలా లేతగా వస్తుంది. అందుకే పావు టీస్పూన్ పసుపు తోడు ఇస్తాం.

పసుపు కూడా గట్టిదే, ఒక్క సోడా దగ్గర తప్ప. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడడం మనకి కొత్త కాదు, పారాణికీ దిష్టినీళ్ళకీ అదే కదా. వంటసోడాతోనూ అంతే. ఈస్ట్ బదులు సోడా వేసి చేసే బ్రెడ్‌లో పసుపు వేస్తే ఎర్రటి మచ్చలు తేలతాయి. మనం ఈస్ట్‌తో చేస్తున్నాం కాబట్టి ఆ బెడద లేదు.

నీలం కావాలంటే శంఖుపూలు. పాతిక ఎండుపూలని 80 మి.లీ. వేడి పాలల్లో పావుగంట నానబెట్టి, వడగట్టి, గోరువెచ్చగా అయ్యాక ఆ పాలతో ముద్ద కలుపుకోవచ్చు. నిమ్మరసం పిండితే ఊదారంగుకి తిరుగుతుంది. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చేయదగ్గ పని ఇది.

మిఠాయి రంగు వేయొచ్చా అని అడిగేవాళ్ళుంటారు. మన దేశంలో ఆహారంలో వాడటానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే, అవీ ఏ పదార్థంలో ఎంత అన్న పరిమితితో. కిరాణా కొట్లో పొట్లం కట్టి అమ్మే పొడి ఆ ఎనిమిదిలోదో కాదో చూసి చెప్పలేం. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు పీచుమిఠాయిని నిషేధించింది, బట్టల అద్దకానికి వాడే రోడమిన్-బి అందులో దొరికిందనే. మార్చిలో కర్ణాటక గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వేయొద్దంది. రెండేళ్ళ పిల్ల తినే బ్రెడ్‌లో నేనైతే వేయను. హోలీకి మోదుగపూలు నానబెట్టి రంగునీళ్ళు చేసుకున్నట్టే దీనికీ వాడదామనిపిస్తుంది కొందరికి. అది ఒంటి మీద చల్లుకునే రంగు, అక్కడే ఉండనివ్వండి.

కావలసినవి

తొమ్మిది అంగుళాల పొడవు, నాలుగున్నర అంగుళాల వెడల్పు ఉన్న బ్రెడ్ టిన్నుకి ఇవి సరిపోతాయి. టిన్ను ఇంతకంటే చిన్నదైతే కొంత ముద్ద పక్కకి తీసి రెండు బన్నులు చేసేయండి.

మైదా 400 గ్రా.
పొడి చేసిన పంచదార 40 గ్రా.
పాలపొడి 20 గ్రా. (సుమారు 3 టేబుల్‌స్పూన్లు)
ఉప్పు 7 గ్రా. (ఒకటింబావు టీస్పూన్)
ఇన్‌స్టంట్ ఈస్ట్ 6 గ్రా. (2 టీస్పూన్లు)
ఉప్పులేని బటర్ 40 గ్రా., గది వేడికి మెత్తబడినది
పాలు ఒక కప్పు దగ్గర పెట్టుకోండి, అన్నీ పట్టవు
బీట్‌రూట్ మధ్యరకం 1, క్యారెట్లు 2, పాలకూర చిన్న కట్టలు 2
పసుపు పావు టీస్పూన్, నిమ్మచెక్క 1

ఇంట్లో ఉప్పు బటరే ఉంటే వాడేయండి, ఉప్పు 6 గ్రాములకి తగ్గించండి. తూకం వేసుకునే చిన్న మిషన్ ఉంటే చాలా సుఖం. నాలుగు ముద్దలు ఒకే బరువు, ఒకే మెత్తదనం ఉంటేనే అన్నీ ఒకే తీరున పొంగుతాయి.

ఈస్ట్ గురించి ఒక మాట. ప్యాకెట్ తెరిచి ఎన్నాళ్ళయిందో గుర్తు లేకపోతే ముందు పరీక్షించండి. గోరువెచ్చటి నీళ్ళు పావు కప్పు, చిటికెడు పంచదార, అర టీస్పూన్ ఈస్ట్ కలిపి పది నిమిషాలు వదిలేయండి. నురగ కట్టకపోతే ఆ ప్యాకెట్ పారేయండి. నీళ్ళు వేలు పెడితే హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. మరీ వేడైతే ఈస్ట్ చచ్చిపోతుంది. ఒకసారి ఒక కొట్లో తేదీ చూసుకోకుండా కొన్న ఈస్ట్‌తో నాలుగు రంగుల ముద్దలూ కలిపి, మూడు గంటలు వాటి ముందు కూర్చున్నాను. ఒక్కటీ ఉలకలేదు, పలకలేదు. చివరికి పలచగా ఒత్తి పెనం మీద రంగు రొట్టెలు కాల్చాను. తెరిచిన ప్యాకెట్‌ని గాలి తగలని డబ్బాలో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో దాచుకుంటే చాలా నెలలు పనిచేస్తుంది.

గుజ్జులు

బీట్‌రూట్‌ని తొక్క తీయకుండా, కోయకుండా కుక్కర్‌లో ఉడికించండి. మూడు కూతలు చాలు. ముక్కలు కోసి ఉడికిస్తే రంగంతా నీళ్ళలోకి పోతుంది. చల్లారాక తొక్క లాగితే ఊడి వస్తుంది. ముక్కలు చేసి, టీస్పూన్ నిమ్మరసం వేసి, నీళ్ళు పోయకుండా మెత్తగా రుబ్బండి. ఉడికించిన బీట్‌రూట్‌కి పచ్చిదానికున్నంత మట్టివాసన ఉండదు. అది ఇంకో లాభం.

క్యారెట్టు తొక్క తీసి, ముక్కలు చేసి, ఆవిరి మీద మెత్తబడేదాకా ఉడికించి రుబ్బుకోండి. పసుపు ఇందులోనే కలిపేయండి.

పాలకూర కాడలు తీసేసి, మరిగే నీళ్ళలో ఆకు వేసి, నిమిషం లోపే తీసి ఐసు నీళ్ళలో పడేయండి. ఆకు అప్పుడు పెళ్ళిలో కట్టే అరటాకు రంగులో మెరుస్తుంది. దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టి గట్టిగా పిండండి. ఈ పిండటం దగ్గర బద్ధకిస్తే ముద్ద జారిపోతుంది. తరవాత రెండు టీస్పూన్ల పాలతో రుబ్బండి. ఆకు తునకలు మిగలకూడదు. మిగిలితే ఆకుపచ్చ బ్రెడ్ కాదు, పాలకూర బజ్జీ మొహంలా ఉంటుంది.

మూడూ పెరుగులా చిక్కగా ఉండాలి. పలచగా వస్తే మూకుట్లో వేసి రెండు నిమిషాలు తిప్పండి, పాలకూర తప్ప. దాన్ని మళ్ళీ వేడి చేస్తే పడిన శ్రమంతా పోతుంది.

ముద్దలు కలపడం

నాలుగు ముద్దలకి నాలుగుసార్లు కొలతలు వేసుకుంటే మధ్యలో ఎక్కడో ఉప్పు మరిచిపోతాం. నేను మరిచిపోయాను. అందుకని మైదా, పంచదార, పాలపొడి, ఉప్పు, ఈస్ట్ అన్నీ ఒకే పెద్ద పళ్ళెంలో వేసి బాగా కలిపేయండి. మొత్తం 470 గ్రాముల పైచిలుకు వస్తుంది. గిన్నెకి 118 గ్రా. చొప్పున నాలుగు గిన్నెల్లో పంచండి.

వరస ముఖ్యం. తెలుపు, తరవాత పసుప్పచ్చ, తరవాత ఆకుపచ్చ, ఆఖరున బీట్‌రూట్. తిరగేస్తే తెల్లముద్ద మీద మీ వేళ్ళన్నీ గులాబీరంగులో అచ్చుపడతాయి.

తెల్లదానికి 65 మి.లీ. పాలు. క్యారెట్ దానికి 65 గ్రా. గుజ్జు. పాలకూర దానికి 60 గ్రా. బీట్‌రూట్ దానికి 55 గ్రా. ముందు ఇంతే పోసి కలపండి. పొడి కనబడితే పాలు ఒక్కో టీస్పూన్ చొప్పున చిలకరించండి. మైదాలన్నీ ఒకేలా నీళ్ళు పీల్చవు. గుజ్జులో ఎంత తడి ఉందన్నది కూడా ఏ పూటకాపూటే తేలుతుంది. ముద్ద పూరీ పిండి కంటే బాగా మెత్తగా, బొబ్బట్ల పిండి కంటే కాస్త గట్టిగా ఉండాలి. మొదట చేతికి అంటుకుంటుంది. కంగారుపడి పిండి చల్లకండి. మూతపెట్టి పావుగంట వదిలేస్తే మైదా తడి పీల్చుకుని సగం పిసుకుడు తనే చేసేసుకుంటుంది.

ఇప్పుడు పిసకండి. అరచేతి మడమతో ముద్దని ముందుకి తోసి, వేళ్ళతో వెనక్కి మడిచి, పావు వంతు తిప్పి, మళ్ళీ తోయండి. నాలుగైదు నిమిషాలకి ముద్ద నునుపు తేరుతుంది. అప్పుడు ముద్దకి 10 గ్రా. చొప్పున బటర్ వేయండి. వేయగానే అంతా విడిపోయి జిడ్డుజిడ్డుగా, పాడైపోయిందేమో అనిపించేలా తయారవుతుంది. ఆపకుండా ఇంకో నాలుగు నిమిషాలు పిసికితే తిరిగి కూడుకుంటుంది. చిన్న ఉండ తీసుకుని రెండు చేతుల వేళ్ళతో నెమ్మదిగా సాగదీసి చూడండి. చిరగకుండా, వెలుతురుకి ఎదురుగా పెడితే వేలి నీడ కనబడేంత పలచగా సాగితే సరిపోయినట్టు. తెల్లదాంట్లో ఇది బాగా తెలుస్తుంది. గుజ్జు ముద్దల్లో కూరగాయ పీచు ఉంటుంది కాబట్టి కాస్త ముందే చిరుగుతాయి, పరవాలేదు.

నాలుగూ చేత్తో అంటే భుజాలు పడిపోతాయి, నిజమే. మిక్సీతో వచ్చిన పిండి కలిపే జారు ఉంటే వాడుకోండి. మధ్యమధ్య ఆపుతూ ఉండాలి, లేకపోతే ముద్ద వేడెక్కిపోతుంది.

ముద్ద రంగు మీకు కావలసినదానికంటే ఒక పాలు ముదురుగా ఉండాలి. పొంగాక లోపల గాలి చేరి తేలిపోతుంది. బీట్‌రూట్ ముద్ద చూస్తే మరీ ఎక్కువైందనిపించాలి. అప్పుడే సరిగ్గా ఉన్నట్టు.

పొంగనివ్వడం

మొదటి ముద్ద కలిపేసరికీ నాలుగోది కలిపేసరికీ నలభై నిమిషాలు తేడా వస్తుంది. అందుకని తెల్లదాన్నీ, క్యారెట్ దాన్నీ కలపగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. బీట్‌రూట్‌ది పూర్తయ్యాక నాలుగింటినీ ఒకచోట, నూనె రాసిన గిన్నెల్లో, తడిబట్ట కప్పి ఉంచండి.

ఎంతసేపు అంటే గడియారం చూసి చెప్పేది కాదు. మే నెలలో విజయవాడలో నలభై నిమిషాలకే రెట్టింపవుతుంది. అప్పుడు ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలే వాడండి. డిసెంబరులో హైదరాబాద్‌లో రెండు గంటలు కూడా పట్టొచ్చు. అలాంటప్పుడు ఆపేసి ఉన్న ఓవెన్‌లో గిన్నెలు పెట్టి, పక్కన మరిగిన నీళ్ళ గిన్నె ఒకటి పెట్టి తలుపు మూసేయండి. పిండిలో ముంచిన వేలు ముద్దలోకి గుచ్చి తీస్తే గుంట అలాగే నిలబడాలి. వెంటనే పూడిపోతే ఇంకా కావాలి. ముద్దంతా కూలిపోతే ఆలస్యం చేశారన్నమాట.

చుట్టడం

రుచి బీట్‌రూట్‌దో పాలకూరదో కాదు, నిజానికి బ్రెడ్ బ్రెడ్‌లాగే ఉంటుంది. చూపంతా ఇక్కడుంది. నిదానంగా చేయండి.

పీట మీదా, అప్పడాల కర్రకీ నూనె రాయండి. పొడిపిండి వద్దు. పొరల మధ్య పొడి ఉంటే కాలాక అవి అతుక్కోవు, ముక్క కోయగానే ఉల్లిపాయ పొరల్లా ఊడివస్తాయి. ఒక్కో రంగు ముద్దలో గాలి మెల్లగా నొక్కి తీసేసి, ఎనిమిది అంగుళాలు ఒకవైపు, పది అంగుళాలు ఇంకోవైపు వచ్చేలా దీర్ఘచతురస్రంగా ఒత్తండి. ఒత్తుతుంటే ముద్ద వెనక్కి ముడుచుకుపోతుంటే దానితో కుస్తీ పట్టకండి. బట్ట కప్పి అయిదు నిమిషాలు ఆగితే లొంగుతుంది.

కింద ఆకుపచ్చ, దాని మీద పసుప్పచ్చ, దాని మీద గులాబీ. పేర్చేముందు ప్రతి పొర మీదా తడిచేత్తో ఒకసారి నిమరండి, ఆ కాస్త తడి జిగురులా పట్టుకుంటుంది. ఇప్పుడు చాప చుట్టినట్టు, ఎనిమిది అంగుళాల అంచు నుంచి బిగువుగా చుట్టుకుంటూ పోండి. చుట్టకి పొడవు ఎనిమిది అంగుళాలు మిగలాలి. మధ్యలో గాలి చిక్కకుండా ప్రతి మడతనీ బొటనవేళ్ళతో లోపలికి నొక్కుకుంటూ రండి. వదులుగా చుడితే కాలాక నడుమ సొరంగం పడుతుంది.

తెల్లముద్దని తొమ్మిది అంగుళాలకి ఏడున్నర అంగుళాలుగా, అంతటా ఒకే మందంగా ఒత్తండి. దీని మీద కూడా తడిచేత్తో నిమిరి, రంగుల చుట్టని మధ్యలో పెట్టి కప్పేయండి. కలిసిన అంచుని కజ్జికాయ అంచు నొక్కినట్టు వేళ్ళతో గిల్లుతూ మూయండి. రెండు చివరలూ లోపలికి మడవండి. ఎక్కడైనా చిన్న చిరుగు ఉంటే ఓవెన్‌లో అది పెద్ద నోరై తెరుచుకుంటుంది. కనబడితే ఇప్పుడే అతికేయండి. బటర్ రాసిన టిన్నులో అతుకు కిందికి వచ్చేలా పెట్టండి.

మళ్ళీ పొంగాలి. ఈసారి టిన్ను అంచుకి ఒక అంగుళం పైకి గుండ్రంగా లేస్తే చాలు, మామూలుగా నలభై అయిదు నిమిషాలు. వేలితో మెల్లగా నొక్కితే గుంట నెమ్మదిగా, సగమే పూడాలి. ఆకుపచ్చ రంగు గురించి చెప్పింది గుర్తుంది కదా, ఇక్కడ అరగంట ఎక్కువ వదిలేస్తే ముందు పోయేది అదే.

కాల్చడం

ఓవెన్‌ని 180 డిగ్రీల దగ్గర, కింది రాడ్డూ పై రాడ్డూ రెండూ వేసి, పదిహేను నిమిషాలు ముందే వేడి చేయండి. బ్రెడ్ పైన పాలు పూసి, మధ్య అరలో పెట్టండి. చిన్న ఓవెన్లలో పై రాడ్డు బ్రెడ్ నెత్తికి మరీ దగ్గరగా ఉంటుంది. అలా అయితే ఒక అర కిందికి దించండి.

పన్నెండు, పదిహేను నిమిషాలకి పైన బంగారు రంగు వస్తుంది. రాగానే తలుపు తీసి, అల్యూమినియం ఫాయిల్‌ని గొడుగులా వదులుగా కప్పేయండి. పైభాగం మాడకుండా, లోపలిది ఉడకడానికి కావలసిన సమయం ఇస్తుంది. మొత్తం 32 నుంచి 35 నిమిషాలు. గుజ్జులో తడి ఉంటుంది కాబట్టి మామూలు తెల్ల బ్రెడ్ కంటే అయిదు నిమిషాలు ఎక్కువే అడుగుతుంది. టిన్నులోంచి తీసి అడుగున వేళ్ళతో కొడితే డొల్ల చప్పుడు రావాలి. థర్మామీటర్ ఉన్నవాళ్ళు మధ్యలో గుచ్చి 93 డిగ్రీలు చూపిస్తే దించేయొచ్చు. దించగానే పైన కాస్త బటర్ రుద్దండి, మెరుపూ వస్తుంది, పైచెక్కూ మెత్తబడుతుంది.

టిన్నులో ఉంచేయకండి, చెమట పట్టి అడుగు తడిసిపోతుంది. జల్లెడలాంటి స్టాండు మీద రెండు గంటలు. ఇక్కడే అందరూ ఓడిపోతారు. ఇల్లంతా వాసన కమ్మేస్తుంది, పిల్లలు పదినిమిషాలకోసారి వచ్చి అడుగుతారు. వేడి మీద కోస్తే లోపల పిండి ఇంకా కుదురుకోక కత్తికి జిగటగా పట్టుకుంటుంది, మూడు రంగులూ ఒకదాని మీదికి ఒకటి పులుముకుంటాయి. పొద్దున్నుంచీ చేసిన పని చివరి నిమిషంలో చెడగొట్టుకోవడమే. చల్లారాక పళ్ళున్న కత్తితో, కిందికి నొక్కకుండా రంపంలా ముందుకీ వెనక్కీ లాగుతూ, అర అంగుళం మందాన కోయండి. మొదటి చివరిముక్క తెల్లగానే ఉంటుంది. అది వంటమనిషి వాటా, తినేసి రెండోది నలుగురి ముందూ కోయండి.

ఇంకో రెండు మూడు తీరులు

రంగు పైకే కనబడాలని పట్టుదల ఉంటే జడ అల్లండి. మూడు రంగుల్ని మూరెడు పొడవు తాళ్ళలా చేసి, నడుమ నుంచి మొదలుపెట్టి రెండు చివరలకీ అల్లితే జడ సమంగా వస్తుంది. పాలు, గుడ్డు పూయకండి, అవి ఎర్రగా కాల్చేస్తాయి. ఓవెన్ 160 డిగ్రీలే, ఫాయిల్ మొదటి అయిదు నిమిషాలకే. అయినా బీట్‌రూట్ పాయ పైన వాడిపోతుంది, తుంచితే లోపల గులాబీ ఉంటుంది.

ఓవెన్ లేనివాళ్ళకి, నిజం చెప్పాలంటే, రంగు విషయంలో వాళ్ళకే అదృష్టం. ఇదే ముద్దల్ని నిమ్మకాయంత ఉండలు చేసి, అరటాకు ముక్కల మీద పెట్టి, పొంగాక ఇడ్లీ పాత్రలో పన్నెండు నిమిషాలు ఆవిరి పట్టండి. చైనాలో ఇలా ఆవిరి మీద చేసే బన్నుల్ని మాంటౌ అంటారు, రంగులవీ చేస్తారు. పైచెక్కు కాలడమనేదే లేదు కాబట్టి రంగు బయటా లోపలా ఒకటే. పొయ్యి కట్టేసి అయిదు నిమిషాలు ఆగి మూత తీయండి. వెంటనే తీస్తే బుస్సుమని కూలిపోతాయి. మూత లోపల బట్ట చుట్టకపోతే నీటిచుక్కలు పడి మచ్చలవుతాయి.

ఆగస్టు 15కి చాలామంది క్యారెట్, తెలుపు, పాలకూర పెట్టి మూడు పొరలు చేస్తారు. చుట్టకుండా, ఒత్తిన మూడింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి టిన్నులో పెట్టడమే. జెండా రంగులు కోయడం తప్పు కాదా అని మా అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దాయన గట్టిగానే అడిగారు. 2021 మార్చిలో మద్రాసు హైకోర్టు ముందుకి ఇలాంటిదే వచ్చింది. కోయంబత్తూరులో 2013 క్రిస్మస్‌కి త్రివర్ణంలో, అశోకచక్రంతో సహా భారతదేశ పటం ఉన్న కేకు కోశారని ఫిర్యాదు. అది జెండాని అవమానించడం కిందికి రాదని కోర్టు చెప్పింది. నేను మాత్రం చక్రం జోలికి పోను, మూడు పొరలతో ఆపేస్తాను.

క్రిస్మస్‌కి చేసేటప్పుడు రంగుల చుట్టలో టూటీఫ్రూటీ చల్లితే బేకరీ ఫ్రూట్ బన్ను గుర్తొస్తుంది. ఆ ఎర్రటి, పచ్చటి ముక్కలు పచ్చి బొప్పాయివి. పంచదార పాకంలో ఉడికించి, చివర్లో బీట్‌రూట్ రసంలో నానబెట్టి ఇంట్లోనే చేసుకోవచ్చు. చల్లేముందు వాటిని పొడిబట్టతో తుడవండి, పాకం తడి ఉంటే పొరలు జారతాయి.

మిగిలితే

ముక్కలు కోసి గాలిచొరని డబ్బాలో పెడితే బయట రెండు రోజులుంటుంది. వానాకాలం కోస్తా జిల్లాల్లో మూడోరోజుకి బూజు పట్టడం ఖాయం. ఫ్రిజ్‌లో పెట్టకండి, బయటికంటే అక్కడే తొందరగా గట్టిపడి పొడిపొడి అవుతుంది. అంతకంటే ఎక్కువ రోజులు కావాలంటే ముక్కల మధ్య బటర్ పేపర్ పెట్టి డీప్ ఫ్రీజర్‌లో దాచండి. కావలసినప్పుడు ఒక్కో ముక్క తీసి చిన్న మంట మీద పెనంపై వెచ్చచేయండి. ఎర్రగా కాల్చకూడదు, రంగు పోతుంది. డబుల్ కా మీఠాకి మాత్రం ఇది పనికిరాదు. నేతిలో వేగాక గులాబీ, ఆకుపచ్చ కలిసి నా మొదటి బ్రెడ్ రంగే వస్తాయి. స్కూలు డబ్బాలోకైతే రెండు ముక్కల మధ్య కొబ్బరి పచ్చడి గట్టిగా రుబ్బి రాసి, అడ్డంగా కోసి పెట్టండి. తెల్ల పచ్చడి పక్కన మూడు రంగులూ బాగా తేలతాయి.